మానని చేతికి సాక్ష్యం

మా సంఘం ప్రార్థన హాలు వాకిలి పక్కన రెండు చెక్కపెట్టెలు ఉంటాయి. ఒకటి మనవులకు, మరొకటి కృతజ్ఞతలకు. చీటీ మీద పేరూ విషయమూ రాస్తే చాలు. అది అడగడమో, పొందడమో పెట్టెను బట్టే తెలుస్తుంది.

పక్షవాతంతో నా కుడిచేయి పడిపోయి ఎనిమిది నెలలు. కుట్టుపనే నాకు జీవనాధారం. ఇప్పుడు కత్తెర పట్టుకుంటే, బొటనవేలు అందులో దూరిందో లేదో కళ్ళతో చూసి తెలుసుకోవాలి. వారం వారం నా తరఫున మనవి చీటీ మా వదినే రాసి వేస్తుంది.

ఆ ఆదివారం సంఘపెద్ద కృతజ్ఞతల చీటీలు చదువుతూ ఒకచోట ఆగాడు. తలెత్తి నా కోసం వెతికాడు.

"మన టైలరమ్మ కుడిచేయి! ప్రభువు ముట్టి బాగుచేశాడు. రామ్మా, వచ్చి సాక్ష్యం చెప్పు."

హాలంతా చప్పట్లు. నేను వదిన వైపు తిరిగాను.

"ఏ పెట్టెలో వేశావు వదినా?"

"ఎప్పుడూ వేసేదాన్లోనే... అయ్యో! ఊడ్చినవాళ్ళు అటుది ఇటు పెట్టేశారు కాబోలు. కళ్ళద్దాలు తెచ్చుకోలేదే, పెట్టె మీద రాసింది చూడలేదు."

"నా చేతికంటే ముందు నీ కళ్ళకు ప్రార్థన చేయించాల్సింది."

"ఎకసెక్కాలు తర్వాత. ఏదో ఒకటి చెప్పి వచ్చెయ్. దేవుడికి తెలియదా ఏంటి?"

దేవునికి తెలుసు. నా చిక్కంతా అక్కడే.

ముందు వరుసలో బేకరీ ఆవిడ నా చేతినే చూస్తూ ఏడుస్తోంది. ఆమె భర్త మంచం పట్టి ఏడాది దాటింది. నా చేయి మానితే ఆయన కూడా లేస్తాడని ఆమె లెక్క. ఆ ఆశను లాక్కునే హక్కు నాకుందా? అబద్ధం మీద దాన్ని నిలబెట్టే హక్కు మాత్రం ఉందా? ఎనిమిది నెలలుగా చేయి అడిగినదాన్ని, లేచి ముందుకు నడిచిన ఆ నాలుగడుగుల్లో, చెప్పడానికి ఒక్క మాట ఇమ్మని అడిగాను. అదీ రాలేదు.

"చేయి మానలేదు," అన్నాను. "చీటీ పెట్టె మారింది, క్షమించండి. ఎందుకు మానలేదో తెలియదు. ఆయన వింటున్నాడో లేదో కూడా కొన్ని రోజులైతే తెలియదు. అయినా వస్తున్నాను. ఎందుకో చెప్పలేను."

సంఘపెద్ద చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. అప్పుడు బేకరీ ఆవిడ కూర్చున్నచోటునుంచే అడిగింది.

"ఇక్కడికి రావడం మానేద్దామనిపించలేదా టైలరమ్మా?"

"ప్రతి ఆదివారం అనిపిస్తుందమ్మా."

"నాకూ అంతే," అని ఆమె పక్కకు జరిగింది. "ఇలా వచ్చి కూర్చో."

వెళ్ళి కూర్చున్నాను. ఆశ పోయిన మనిషి ముఖం తేటపడడమేమిటో నాకు అర్థం కాలేదు. కోపగించుకుని ఉంటే తట్టుకునేదాన్ని.

పాట మొదలైంది. మొదటి చరణం ఇద్దరం పాడలేదు. రెండోది ఆమె అందుకుంది, శ్రుతి తప్పి. నేనూ కలిపాను. ఇది విశ్వాసమో, పక్కన మనిషి ఉన్నదన్న ధైర్యమో, రెండూ ఒకటేనో తేల్చుకోలేకపోయాను. మూడో చరణం మాటలు ఇద్దరికీ రావు. పెదవులు మాత్రం కదిపాము.