పడుగు నూలు వత్తి

పెళ్లయిన ఆరో వారానికి హెప్సిబాకి ఒక సంగతి తెలిసొచ్చింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, చేపల పులుసుతో అన్నం తిన్నాక, కునుకు కంటే, సినిమా కంటే తనకి ఇష్టమైన పని ఇంకొకటుంది. తెనాలి మారీసుపేటలోని తమ రెండు గదుల వాటాలో, కిటికీ పక్కన చాప వేసుకుని, పెళ్లికి చదివింపుల్లో వచ్చిన తెల్ల తువ్వాలు పరుచుకుని, భర్త జీవన్ కుమార్ అటామైజరు విప్పుతుంటే పక్కన కూర్చుని చూడటం.

అటామైజరంటే సిగరెట్టు మానదలచినవాళ్లు కొందరు వాడే ఆవిరి యంత్రానికి తలకాయ లాంటిది. కింద బ్యాటరీ, పైన ఇది. చిన్న గాజు ట్యాంకులో లిక్విడ్ పోస్తారు. అందులో తడిసిన దూది వత్తి ఒక సన్నటి తీగచుట్టలోంచి దూరి ఉంటుంది. మీట నొక్కితే తీగ వేడెక్కి, వత్తిలోని తడి ఆవిరవుతుంది. ఆ ఆవిరి పీల్చాలి.

"అయితే దీపమేగా!" అంది హెప్సిబా మొదటిసారి చూసినప్పుడు.

"దీపమే. కాకపోతే వెలగకూడని దీపం. వత్తి ఎప్పుడూ తడిగా ఉండాలి, ఒక్కసారి కూడా కాలకూడదు," అన్నాడు జీవన్.

ఆ మాట ఆమెకి ఎంత నచ్చిందంటే ఆ రోజంతా వంటింట్లో నవ్వుకుంటూనే ఉంది.

ఈ వస్తువు ఆమె దగ్గర దాచిందేమీ కాదు. పెళ్లిచూపులకి బాపట్ల వచ్చినప్పుడే బయటపడింది. హెప్సిబా తండ్రి జ్ఞానానందం గారు మిషను స్కూల్లో లెక్కల మాష్టారుగా చేసి రిటైరయ్యారు. పెళ్లికొడుకుని ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న.

"సిగరెట్టు అలవాటుందా బాబూ?"

"ఉండేదండి. రోజుకో పెట్టె. ఏడాదిన్నరైందండి మానేసి. ఇప్పుడు దీని మీదున్నానండి," అని జేబులోంచి తీసి బల్ల మీద, మైసూర్‌పాక్ ప్లేటు పక్కన పెట్టాడు.

మాష్టారు కళ్లజోడు సవరించుకుని దాన్ని తిప్పి తిప్పి చూశారు. "మరి ఇదెప్పుడు మానేస్తావు?"

"క్రిస్మస్ లోపలండి."

"ఏ క్రిస్మసు?"

"వచ్చే క్రిస్మసేనండి."

"రాసుకుంటున్నా," అని డైరీ తెరిచి నిజంగానే రాసుకున్నారు. తలుపు చాటు నుంచి చూస్తున్న హెప్సిబాకి అప్పుడే ఆ కుర్రాడు నచ్చేశాడు. దాచేయగలిగిందాన్ని బల్ల మీద పెట్టేవాడితో బతకొచ్చనిపించింది.

అది 2019. సెప్టెంబరులో ప్రభుత్వం ఇలాంటి యంత్రాల అమ్మకం నిషేధించింది. అక్టోబరులో వీళ్ల పెళ్లి. అంతకుముందు కొని ఉంచుకున్నదే ఉన్నది. ఉన్న లిక్విడ్ అయిపోతే ఇక లేదు. జీవన్ దగ్గర చివరి సీసా ఒకటి మిగిలింది, అందులోనూ నికోటిన్ తక్కువ మోతాదుది. దాన్ని పొదుపుగా వాడుకుంటూ, రోజుకో పీల్పు తగ్గించుకుంటూ క్రిస్మస్ నాటికి సున్నాకి రావాలని అతని లెక్క.

కాపురానికి వచ్చిన కొత్తలో అతను మూడు అటామైజర్లు తువ్వాలు మీద వరసగా పెట్టి, "ఒకటి చాలు. మిగతావి తీసేస్తా. ఏది ఉంచమంటావు?" అన్నాడు.

హెప్సిబా వెంటనే పొడుగాటి బంగారు రంగుదాన్ని చూపించింది.

"అందుకే ఆడవాళ్ల చేత ఎన్నిక చేయించకూడదు."

"చీరలు ఎన్నడం మాకు తెలిసినంత మీకు తెలుసా ఏంటి?"

"చీరైతే నువ్వే చెప్పు. దీని రంగు ఆర్నెల్లకి ఊడిపోద్ది. ఇదిగో, మర తిప్పి చూడు."

తిప్పింది. కరకరమంది. రెండోది తిప్పింది. కొంచెం నయం. మూడోది పొట్టిగా, లావుగా, వక్కల డబ్బీలా ఉంది. దాని మూత తిప్పితే వెన్నలో వేలు తిరిగినట్టు తిరిగింది.

"అదీ సంగతి. మర మెత్తగా తిరగాలి. గాజు మందంగా ఉండాలి. గాలి రంధ్రం ఎంత తెరిస్తే అంతే తెరుచుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, లోపల మన చేత్తో మనం తీగ చుట్టుకుని, దూది మార్చుకునేలా ఉండాలి. ఖరీదైన సరుకంటే మెరిసేది కాదు, విప్పితే మళ్లీ బిగించుకోగలిగేది."

రేపల్లె చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికి గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేసే ఇంజనీరు కదా, అతనికి ఏ వస్తువైనా విప్పితేనే తృప్తి. పొట్టిది ఉండిపోయింది. హెప్సిబా దానికి 'బుడంకాయ్' అని పేరు పెట్టింది.

అప్పట్నుంచి ఆదివారాలు బుడంకాయ్ స్నానం ఆమె పనిలో సగమైపోయింది. ముక్కలన్నీ గోరువెచ్చని నీళ్లలో వేసి కడిగేది. రబ్బరు రింగుల్ని వేలి చివర తొడుక్కుని ఉంగరాల్లా చూసుకునేది. తుడిచి వరసగా ఆరబెట్టేది. తీగచుట్ట ఎర్రగా కాలి, దాని మీది నల్లటి పొక్కు రాలిపోతుంటే జీవన్ భుజం మీద గడ్డం ఆనించి చూసేది. ఆ తర్వాత అతను దూదిని సన్నగా పేని, తీగలోంచి లాగేవాడు.

"మరీ బిగువైతే తడి పారదు. మరీ వదులైతే కారిపోద్ది. కొంచెం పట్టినట్టు రావాలి, అంతే."

నవంబరు చివర్లో ఆ దూది అయిపోయింది. మందుల కొట్టు దూదిని ఉడకబెట్టి, ఆరబెట్టి వాడదామన్నాడు జీవన్. హెప్సిబాకి మాత్రం అంతకంటే మంచి ఆలోచన తట్టింది. పేరాలలో ఆమె కాలేజీ స్నేహితురాలు కనకమహాలక్ష్మి ఉంది. వాళ్లింట్లో రెండు మగ్గాలున్నాయి. నూలుకి ఇంకెక్కడికో పోవడమెందుకు? బాపట్లలో అమ్మానాన్నల్ని చూడటానికి వెళ్లిన రోజు, చెప్పాపెట్టకుండా అక్కడి నుంచి చీరాల బస్సెక్కింది.

"ఏమే పెళ్లికూతురా, నూలెందుకే నీకు? మగ్గం పెట్టిస్తున్నాడా మీ ఆయన?" అంది కనకమహాలక్ష్మి.

మా ఆయన ఆవిరి పీలుస్తాడని చెప్పడానికి హెప్సిబాకి నోరు రాలేదు. "వత్తికే," అంది సిగ్గుపడుతూ.

"మీకు దీపాలేంటే? సర్లే, మంచిదే ఇస్తా. నీకు కాకపోతే ఎవరికిస్తా!" అని అటక మీంచి ఒక చిన్న కట్ట తీసి చేతిలో పెట్టింది. తెల్లగా, సన్నగా, నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే కాస్త బిరుసుగా తగిలింది. నాణ్యమైన నూలు కదా, అలాగే ఉంటుందనుకుంది హెప్సిబా.

ఆ ఆదివారం జీవన్‌ని పెనుమూడి నుంచి ఒక రైతు అర్జంటుగా పిలిపించుకున్నాడు. తువ్వాలు పరిచి, బుడంకాయ్‌ని హెప్సిబా ఒక్కతే విప్పింది. కడిగింది, ఆరబెట్టింది, తీగ కాల్చింది. నూలు పోగులు పదారు కలిపి పేని, తీగలోంచి లాగింది. కొంచెం పట్టినట్టే వచ్చింది! తన నేర్పుకి తనే మురిసిపోయి, చివరి సీసాలో ఉన్నదంతా ట్యాంకులో పోసి, మూత బిగించి అతని సంచిలో పెట్టేసింది. చెప్పలేదు. చెప్తే ఇంకేం మజా?

సోమవారం పొద్దున్నే అతను రేపల్లె పాసింజరెక్కాడు. పదింటికి ఫోనొచ్చింది.

"హెప్సీ, ఏం చేశావ్?"

"బావుందా?" అంది ఆమె, ఫోను రెండు చేతుల్తో పట్టుకుని.

అవతల కాసేపు దగ్గు. "బావుంది. గంజి వార్చడం మర్చిపోయి నిద్రపోయినట్టుంది."

"ఏంటండీ?"

"మాడిపోయింది హెప్సీ. తీగంతా బొగ్గు. లిక్విడ్ కూడా నల్లబడింది, పారబోశా. పోనీలే, సాయంత్రం మాట్లాడదాం. ఇక్కడ రైతు పిలుస్తున్నాడు."

కోప్పడినా బాగుండేది. పోనీలే అన్నాడు. ఆ 'పోనీలే' పట్టుకుని హెప్సిబా గదిలో అటూ ఇటూ తిరిగింది. వెంటనే పేరాలకి ఫోను చేసి, ఈసారి సిగ్గు విడిచి అంతా చెప్పేసింది.

"ఒసే మొద్దూ! అది పడుగు నూలే. గంజి పెట్టకుండా పడుగు మగ్గమెక్కిస్తామా? ముందే చెప్పుంటే పచ్చి నూలు ఇచ్చేదాన్ని కదే!"

హెప్సిబా ఫోను పెట్టేసి, మందుల పెట్టెలోంచి అయోడిన్ సీసా తీసింది. మిగిలిన పోగుల మీద ఒక్క చుక్క వేసింది. నల్లటి నీలం. బీఎస్సీ కెమిస్ట్రీ, ఫస్ట్ క్లాస్! గంజి పరీక్ష ఆరో తరగతి పిల్లలక్కూడా వస్తుంది. చేతికి బిరుసుగా తగిలినప్పుడైనా తట్టిందా తనకి?

దానికంటే పెద్ద దిగులు ఇంకొకటి. ఇక లిక్విడ్ లేదు. క్రిస్మస్‌కి మూడు వారాలుంది. మెట్టు మెట్టుగా దిగుతున్నవాణ్ణి తనే మిద్దె మీంచి తోసేసింది. రేపల్లెలో ప్రతి టీ కొట్లోనూ సిగరెట్లే. ఒక్కటి వెలిగించాడంటే ఆ ఏడాదిన్నరా వృథా. డైరీ తెరిచిన నాన్నకి ఏం చెప్తాడు? దాచడం చేతకాదు కదా, వెలిగించాననే చెప్తాడు.

మధ్యాహ్నం రెండుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. మందుల కొట్లో దూది కొని, ఎందుకు కొన్నదో తనకే తెలియకుండా సంచిలో పడేసుకుని, రేపల్లె పాసింజరెక్కేసింది. వేమూరు దాటాక పొలాల్లో వరి కుప్పలు కనిపించాయి. మామూలుగా అయితే ఎన్ని కుప్పలో లెక్కపెట్టేది.

రేపల్లె స్టేషన్ బయట, అతనొచ్చే దారి కనిపించేలా ఒక రిక్షా పక్కన నిలబడింది. అయిదింటికి జీవన్ వచ్చాడు. చొక్కా మీద చెరువు బురద. స్టేషన్లోకి రాకుండా టీ కొట్టు దగ్గర ఆగాడు. ఒక్క సిగరెట్టు అడిగి తీసుకున్నాడు. పెదవుల మధ్య పెట్టుకున్నాడు. తాడుకి వేలాడుతున్న లైటరు అందుకున్నాడు.

పిలవబోయి హెప్సిబా నోరు మూసుకుంది. పిలిస్తే ఆగుతాడు. కానీ అది ఆమె ఆపినట్టవుతుంది, అతను మానినట్టు కాదు. రేపు పెనుమూడిలో, ఎల్లుండి ఇంకో చెరువు గట్టున తను రిక్షా పక్కన నిలబడలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఊపిరి బిగపట్టి చూసింది.

లైటరు వెలిగింది. జీవన్ దాన్ని దగ్గరకి తెచ్చి, ఆగాడు. సిగరెట్టు తీసి వాసన చూశాడు. ఆముదం తాగిన పిల్లాడిలా ముఖం ముడుచుకున్నాడు. లైటరు వదిలేశాడు. తాడు అటూ ఇటూ ఊగింది.

అప్పుడు పిలిచింది. "ఏమండీ!"

అతను ఉలిక్కిపడ్డాడు. చేతిలో సిగరెట్టు దాచబోయి, మానేసి, చేయి చాపి చూపించాడు.

"కొన్నా. వెలిగించలేదు."

"చూశా."

"నువ్వెప్పుడొచ్చావ్?"

"మీకంటే ముందే. ఎందుకు వెలిగించలేదు?"

జీవన్ నవ్వడానికి ప్రయత్నించి దగ్గాడు. "పొద్దుట్నించీ నాలుక మీద అదే మాడు రుచి హెప్సీ. టీ తాగినా గంజే, ఇడ్లీ తిన్నా గంజే. ఇప్పుడిది నోట్లో పెట్టుకుంటే, అబ్బే, పొగ తలుచుకుంటేనే మాడు వాసన. ఏం నూలే తల్లీ అది!"

"పడుగు నూలు," అంది హెప్సిబా. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "గంజి పెట్టింది. నాకు తెలీలేదండీ."

"కెమిస్ట్రీ చదివావుగా?"

"ఫస్ట్ క్లాస్," అంది కళ్లు తుడుచుకుంటూ.

టీ కొట్టాయన అటే చూస్తున్నాడు. "ఏం బాబూ, వెలిగించవా? వెనక్కి తీసుకోను మరి."

"నువ్వే ఉంచుకో బాబాయ్. రెండు టీలివ్వు. అందులో గంజి లేకుండా చూడు."

ఆ తర్వాత మూడు వారాలూ నల్లేరు మీద నడకేమీ కాదు. మొదటి వారం జీవన్‌కి చిరాకు ఎక్కువైంది. సోంపు నమిలాడు, ఖర్జూరం నమిలాడు, ఒకసారి హెప్సిబా మీద అరిచి, అరగంటలో చేమంతిపూలతో వచ్చాడు. పొగ మీదికి మనసు పోయినప్పుడల్లా ఆమె మిగిలిన నూలుకట్ట తెచ్చి ముక్కు దగ్గర పెట్టేది. "తియ్యవే తల్లీ!" అని పారిపోయేవాడు. రెండో వారానికి ఆ అవసరం తగ్గింది. మూడో వారం ఒకరోజు, ఆ సంగతే తట్టకుండా సాయంత్రం దాకా గడిచిపోయిందని అతనే ఆశ్చర్యపోయాడు.

ఆదివారాలు మాత్రం ఆగలేదు. బుడంకాయ్‌లో దూది లేదు, లిక్విడ్ లేదు. అయినా ఇద్దరూ చాప వేసుకుని దాన్ని విప్పి, కడిగి, తుడిచి, మళ్లీ బిగించేవాళ్లు.

క్రిస్మస్‌కి బాపట్ల వెళ్లారు. చర్చికి బయల్దేరే ముందు జ్ఞానానందం గారు డైరీతో వచ్చి కూర్చున్నారు. కళ్లజోడు పెట్టుకున్నారు. జీవన్ బుడంకాయ్‌ని తీసి, పెళ్లిచూపుల నాడు పెట్టిన చోటే బల్ల మీద పెట్టాడు. ఆయన మూత తిప్పి లోపలికి చూశారు.

"ఎండిపోయి ఉందే!"

"మూడు వారాలైందండి మావయ్యగారూ. సిగరెట్టు కూడా వెలిగించలేదండి."

మాష్టారు డైరీలో ఆ పాత వాక్యం మీద గీత కొట్టారు. తర్వాత మూతని ఇంకోసారి తిప్పారు, ఊరికే, తిప్పడం బాగుందన్నట్టు. "మర భలే మెత్తగా తిరుగుతోందమ్మా."

"నేను ఎన్నిందే నాన్నా," అంది హెప్సిబా. జీవన్ ఆమెకేసి చూశాడు.

చర్చి గంట మొదలైంది. హెప్సిబా ముందురోజు ఉతికి ఇస్త్రీ చేసిన కొత్త తెల్ల చొక్కా తెచ్చి అతనికందించింది. అతను ఒక చేయి తొడిగి, కాలరు దగ్గర ఆగి, వాసన చూసి, ముఖం ముడుచుకున్నాడు.

"హెప్సీ, దీనికి గంజి పెట్టావా?"

హెప్సిబా నోటి మీద చేయి వేసుకుంది. రెండో గంట మోగుతోంది. మార్చుకునే వేళ లేదు. జీవన్ ఊపిరి బిగపట్టి రెండో చేయి కూడా తొడుక్కున్నాడు. దారి పొడుగునా ఆ చొక్కా ఫెళఫెళమంటుంటే, పక్కన నడుస్తూ ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.