మొదటి పేజీ మీద పసుపు

ఎరువు సొమ్ము బరువు చేటని రోజూ మనవరాలికి చెప్పే అసిరమ్మే ఆ శుక్రవారం పొద్దున్న కాలేజీ పుస్తకం పాడుచేసింది.

మనవరాలు జ్యోతిర్మయి డిగ్రీ రెండో ఏడు. లైబ్రరీ పుస్తకం ఇంటికొస్తే ముందు అసిరమ్మ చేతిలో పడాలి. పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేస్తుంది. కంచం ముందు తెరిస్తే లాక్కుంటుంది. పేజీ మూల మడిస్తే విప్పి వేలితో సాపు చేస్తుంది. పడుకుని చదవకు, కళ్ళు పోతాయంటుంది. పూర్ణా మార్కెట్‌లో కూరలమ్మే రోజుల్లో పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి; అచ్చు కాగితమంటే ఆమెకు భయమూ భక్తీ.

గడప దాటే దేనికైనా పసుపుబొట్టు పెట్టడం కూడా ఆమెకు అలవాటే. ముప్పై ఏళ్ళ కిందట పెద్దకొడుకు పైడయ్య కొత్త సైకిలుకు బొట్టు పెడదామనుకుంటూనే పొయ్యి దగ్గర ఉండిపోయింది. పోర్టు పనికని ఆ సైకిలెక్కి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. అందుకే సోమవారం పరీక్ష అనగానే, పిల్ల స్నానానికి వెళ్ళిన సందు చూసి, పుస్తకం తెరిచి మొదటి పేజీ మీద తడి పసుపు అద్దింది.

అద్దాక గుర్తొచ్చింది, దాన్ని ఇవాళే తిరిగి ఇచ్చెయ్యాలని. మరక పడితే కార్డు ఆపేస్తారు. ఇది ఇచ్చి తెచ్చుకోవలసిన రెండు పుస్తకాల్లోనే పరీక్షంతా ఉందని పిల్ల నిన్ననే చెప్పింది.

గాభరాగా తడిగుడ్డకు సబ్బు రాసి తుడిచింది. పసుపు కాస్తా ఎర్రబడింది. పసుపులో సున్నం వేసి హారతి నీళ్ళు కలిపే చేతికి ఆ మాత్రం తెలియదా? ఆ క్షణాన తోచలేదు. పుస్తకాన్ని చెంగులో దాచి మేడ మీదికి పరుగెత్తింది. పసుపు మరకను ఎండ తినేస్తుంది. చీరల మీద ఎన్నిసార్లు చూసిందో.

కిందికొచ్చేసరికి జ్యోతిర్మయి వెతుకుతోంది. తండ్రి సన్యాసిరాజు రాత్రి షిఫ్టు దిగి పడుకున్నాడని చప్పుడు చేయకుండా, మంచాల కింద, బియ్యం డబ్బా వెనక, కళ్ళు తుడుచుకుంటూ. పుస్తకం మేడ మీద ఉందని అసిరమ్మ చెప్పలేకపోయింది. బస్సు వేళయింది. పిల్ల ఉత్త చేతులతో, వెళ్ళొస్తానని కూడా అనకుండా మెట్లు దిగిపోయింది.

ఆ మాట వినబడకపోయేసరికి అసిరమ్మ గడప దగ్గరే నిలబడి, పిల్ల వీధి మలుపు తిరిగేదాకా చూసింది. మేడెక్కి పుస్తకం పక్కనే కూర్చుంది. మబ్బు కమ్మితే లేచి నిలబడేది. గాలికి పేజీ లేస్తే అరచెయ్యి అడ్డం పెట్టేది. ఉక్కునగరం క్వార్టర్ల మధ్య ఏ బస్సు హారన్ మోగినా పిట్టగోడ మీంచి తొంగి చూసేది. మధ్యాహ్నానికి ఎరుపు పోయింది. మూడింటికి పసుపూ పాలిపోయింది. కాగితం మాత్రం అప్పడంలా వంకర తిరిగింది. పుస్తకం సంచిలో పెట్టుకుని, ఎన్నడూ వెళ్ళని కాలేజీకి బస్సెక్కింది.

లైబ్రరీలో జ్యోతిర్మయి బల్ల ముందు తలొంచుకుని నిలబడి ఉంది. లైబ్రేరియన్ రమణమూర్తి పుస్తకం అందుకుని, అట్ట బాగా వేశారని మెచ్చుకుని, పేజీలు గబగబా తిప్పి, కొత్త పుస్తకాలు రెండూ బల్ల మీద పెట్టాడు. మరక ఆయన కంట పడలేదు. జ్యోతిర్మయి చెయ్యి చాచింది.

"బాబూ, మొదటి పేజీ సూడండి," అంది అసిరమ్మ. "పసుపెట్టినాను. సబ్బెట్టి తుడిసినాను. పిల్లకేటీ తెల్దు."

ఆయన పేజీని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. కార్డు ఆపక తప్పదన్నాడు. ఆ రెండు పుస్తకాలూ అక్కడే కూర్చుని చదువుకోవచ్చని, పరీక్షల రోజులు గనక శని, ఆదివారాలు కూడా తెరిచే ఉంచుతామని చెప్పాడు.

బస్సులో జ్యోతిర్మయి పళ్ళు బిగించి అడిగింది. "ఆయన సూడనేదు కదే మామ్మా. ఎందుకు సెప్పినావ్?"

"రేపు దాన్ని ఇంటికి పట్టుకెల్లిన పిల్ల మీద పడిపోద్ది ఆ మరక."

జ్యోతిర్మయి కిటికీ వైపు తిరిగింది.

శనివారం పొద్దున్న పిల్ల ముభావంగా సంచి తగిలించుకుని మెట్లు దిగుతుంటే, అసిరమ్మ పసుపు అంటిన వేళ్ళను చెంగులో చుట్టుకుని గడప దగ్గరే ఆగిపోయింది. కింద చెప్పుల చప్పుడు ఆగింది. మళ్ళీ పైకి వచ్చింది.

"బొట్టెట్టు," అంది జ్యోతిర్మయి, నుదురు ముందుకు పెట్టి. "నాకే. సంచీ ముట్టుకున్నావంటే సూడు."

పెట్టించుకుని, ఎల్లొత్తానని మెట్ల మీంచి అరుస్తూ దిగింది. అసిరమ్మ అప్పుడే గోడ గడియారం చూసుకుంది. సాయంత్రం దాకా ఇంకా ఎంతసేపుందో.