తోడికోడళ్ళ వైఫై

వైఫై డబ్బా మార్చడానికొచ్చిన అమ్మాయి పని ముగించి నిచ్చెన మడుస్తుంటే, చిన్నకోడలు లోపలికెళ్ళి ఆటడబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అది పుస్తకంలా తెరుచుకునే రకం. పైన ఒక తెర, కింద ఒక తెర. మూత మీది రంగు వేళ్ళు తగిలే చోటల్లా అరిగిపోయింది.

"దీనికి కూడా వైఫై కలిపి వెళ్ళమ్మా."

ఆ అమ్మాయి దాన్ని తిప్పి తిప్పి చూసింది. "మీ అబ్బాయిదా ఆంటీ?"

"నాది."

"పాస్‌వర్డు కొట్టి చూశారా?"

"పాత డబ్బా ఉన్నప్పుడు తొమ్మిదిసార్లు కొట్టాను. తొమ్మిదిసార్లూ కుదరదంది. నాకు టైపు చెయ్యడం రాదంటారు మా ఆయన. రోజూ ల్యాబులో కూర్చుని పక్క పన్నుతో పోలిక కుదిరేలా కట్టుడు పళ్ళు చెక్కేదాన్ని, ఎనిమిదక్షరాలు కొట్టలేనా?"

"తప్పు మీది కాదులెండి. ఇది వచ్చిన రోజుల్లో వైఫైలకి వేసే తాళాలు వేరు. ఇప్పటి తాళం దీనికి అర్థం కాదు. మీరు వందసార్లు సరిగ్గా కొట్టినా తల అడ్డంగానే ఊపుతుంది."

"అయితే ఆ పాత తాళమే వెయ్యి."

"ఇల్లంతటికీ అది వేస్తే వీధిలో పోయేవాళ్ళు తీసేస్తారాంటీ. అసలు ఈ కొత్త డబ్బాలో ఆ తాళమే లేదు." ఆ అమ్మాయి నిచ్చెన గోడకి ఆనించింది. "ఒకటి చెయ్యొచ్చు. ఇంటికొచ్చే చుట్టాల కోసం వేరే వైఫై ఉంటుంది దీంట్లో. దానికి తాళం తీసేసి, నెమ్మదిగా నడిచే దారిలో పెట్టి, మీ ఆటడబ్బా నంబరొక్కదాన్నే రానిమ్మంటాను. మీ ఫోన్లకీ టీవీకీ దీనికీ సంబంధం ఉండదు. అయినా అదంత గట్టి కాపలా కాదు. ఆడుకున్నంతసేపే ఉంచుకుని తర్వాత ఆపెయ్యండి. సార్‌ని ఓ మాట అడగక్కర్లేదా?"

"సార్ లిఫ్టులో ఉన్నారు. కిందికి దిగాక తెలుస్తుంది."

అది నిజమే. ఆయన పని లిఫ్టులు బాగుచెయ్యడం.

"దీనికి పేరేం పెట్టమంటారు?"

"తోడికోడళ్ళు అని పెట్టు."

ఆ అమ్మాయి నవ్వుకుంటూ ఇంగ్లీషు అక్షరాల్లో అదే పేరు కొట్టింది.

అన్నదమ్ములిద్దరూ ఒకే దుకాణంలో పద్దెనిమిదేళ్ళు లిఫ్టుల పని చేశారు. నాలుగు నెలల క్రితం విడిపోయారు. పనిముట్లు పంచుకున్నారు, వ్యాను సంగతి తేల్చుకున్నారు, చివరికి దుకాణం ఫోన్ నంబరు దగ్గర బెడిసింది. లిఫ్టు ఆగితే ఊళ్ళో అందరూ ఫోన్ చేసేది ఆ నంబరుకే. ఇద్దరికీ అది కావాలి. మాటా మాటా పెరిగి, ఒకే ఇంట్లో పైనా కిందా ఉండే రెండు కుటుంబాలు ఊరికి ఆ చివరొకటి ఈ చివరొకటి అయ్యాయి. సామాను బండి ఎక్కుతుంటే అన్న తన భార్యని పిలిచి, "వాళ్ళింటి మనుషులతో నోరు విప్పినా, ఫోన్ చేసినా, ఒక్క ముక్క రాసినా నా మీద ఒట్టే" అన్నాడు. ఆవిడ ఒట్టంటే ఒట్టే అనే మనిషి. ఆ రోజు నుంచి చిన్నకోడలు ఎన్ని ఫోన్లు చేసినా అవతల మోగి మోగి ఆగిపోయేవి.

తోడికోడళ్ళిద్దరికీ ఉన్న సరదా ఒక్కటే. పిల్లలు ఫోన్లకి మరిగాక సొరుగులో పడేసిన ఆటడబ్బాలు రెండు తీసి, ఆదివారం నాలుగింటికి మగాళ్ళు పడుకున్నాక మంచం మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. పైనుంచి రంగురంగుల ఇటుకలు పడతాయి. వరస నిండితే ఆ వరస మాయమై, ఎదుటివాళ్ళ నెత్తిన బూడిదరంగు రాళ్ళు పడతాయి. "తీసుకో, నీ నెత్తిన మరో రెండు" అని ఒకరంటే, "నీ చెయ్యి పడిపోనూ" అని ఇంకొకరు. చిన్నకోడలికి ఆపరేషనై కుడిచేతికి సెలైను ఎక్కుతున్నప్పుడు, పెద్దకోడలు ఆసుపత్రి స్టూలు మీద కూర్చుని ఎడంచేత్తో ఆడటం నేర్పింది. కుట్లు లాగుతున్నా నవ్వించింది. అలాంటి మనిషి, ఓ ఫోన్ నంబరు గొడవలో, ఉన్నట్టుండి లేకుండా పోయింది.

ఒకే గదిలో ఉన్నంతకాలం ఆ డబ్బాలు రెండూ వాటంతటవే కలుసుకునేవి. దూరమయ్యాక మధ్యలో నెట్ కావాలి. ఆ ఆట నడిపే కంపెనీ తన వైపు తలుపు ఎప్పుడో మూసేసింది. కానీ ఆట మీద మమకారం చావనివాళ్ళు కొందరు సొంతంగా దాన్ని నడుపుతున్నారనీ, డబ్బా సెట్టింగుల్లో ఒక్క నంబరు మారిస్తే అక్కడికి చేరొచ్చనీ చిన్నకోడలు ల్యాబులో భోజనాల వేళ చదివి తెలుసుకుంది. పళ్ళ కొలతలు రాసుకునే కాగితం మీద ఆ నంబరు ఎక్కించుకుంది. వైఫై అమ్మాయి వెళ్ళగానే ఆ నంబరు మార్చి మీట నొక్కింది.

చక్రం తిరిగింది, తిరిగింది. తర్వాత తెర మీద పన్నెండంకెలు వచ్చాయి. అవి ఇక ఆమె గుర్తు. ఆమె అంకెలు తను అక్కా అని పిలిచే పెద్దకోడలి డబ్బాలోనూ, అక్క అంకెలు ఆమె డబ్బాలోనూ ఎక్కితేనే ఇద్దరూ ఒకరికొకరు కనపడతారు. ఒక్కసారైనా నెట్‌లోకి వెళ్ళొస్తేనే ఎవరికైనా ఆ అంకెలు పుడతాయి.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చి ఫోన్ తెరిచి, "ఇదేంటి?" అన్నాడు. "మన వైఫై పైన తోడికోడళ్ళు అని ఇంకోటుంది. తాళం కూడా లేదు."

"నాదే."

"తీసెయ్."

"తియ్యను. నా ఆటడబ్బా తప్ప ఇంకోటి అందులోకి రాదు. ఆడనప్పుడు నేనే ఆపేస్తాను."

"అది కాదు నేననేది. ఎవరితో ఆడదామని?"

"మీకు తెలుసు."

"వాళ్ళతో మాటల్లేవన్నానా?"

"మీరు మాట్లాడకండి. నంబరు కోసం కొట్టుకుంది మీరు, విడిపోయింది మీరు. మధ్యలో మమ్మల్నెవరు విడిపోమన్నారు?"

ఆయన తల్లివైపు చూశాడు. ఆవిడ నెలకో ఇంట్లో ఉంటుంది. ఈ నెల ఇక్కడ. "నన్ను చూస్తావేంరా?" అందావిడ. "నేను మీ ఇద్దరికీ పోస్ట్‌మ్యాన్‌నీ కాను, పోలీసునీ కాను."

మర్నాడు చిన్నకోడలు ఆయన కోటు తీసి సంచిలో పెట్టింది.

"నా కోటెక్కడికి? ఎవరి పెళ్ళి?"

"ఎవరిదీ కాదు. మాసింది."

పెద్దకోడలు బట్టలుతికే దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. చిన్నకోడలు వరసలో నిలబడి, తన వంతు రాగానే కోటు ముందు పెట్టింది. పెద్దకోడలు తలెత్తింది. చిక్కిపోయింది మనిషి. పెదాలు కదలబోయి ఆగిపోయాయి. ఒక్క మాట లేకుండా కోటు దగ్గరికి లాక్కుని గుండీలు లెక్కపెట్టింది, మోచేతి మీది మరక చుట్టూ సుద్దముక్కతో గీసింది. ఆ తర్వాత జేబులు వెతికింది. ఏ బట్ట వచ్చినా ఉతక్కముందు జేబులు వెతకడం, దొరికింది చిన్న కవర్లో పెట్టి బట్టతోపాటు తిరిగివ్వడం ఆ దుకాణం పద్ధతి. చిన్నకోడలు నమ్ముకున్నది ఆ పద్ధతినే.

లోపలి జేబులో కాగితం దొరికింది. అందులో చిన్నకోడలి పన్నెండంకెలు, మార్చాల్సిన సెట్టింగు, తాళం లేని చుట్టాల వైఫై ఎలా పెట్టాలో నాలుగు ముక్కలు, అడుగున 'ఆదివారం నాలుగింటికి' అని ఉంది. పెద్దకోడలు అదంతా చదివింది. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. కాగితం కవర్లో వేసి, కవరు కోటుకి గుచ్చి, చీటీ చింపి ముందుకు తోసింది.

వెనక నిలబడ్డ పెద్దమనిషి వంగి, "పాపం, ఆవిడకి మాటలు రావా?" అన్నాడు.

"బాగా వస్తాయండీ. మొగుడు దాచిపెట్టాడు," అంది చిన్నకోడలు, దుకాణమంతా వినబడేలా.

పెద్దకోడలు చటుక్కున కిందికి వంగి ఏదో వెతుక్కుంటున్నట్టు నటించింది. భుజాలు మాత్రం నవ్వుతో ఊగుతున్నాయి.

కోటు శుక్రవారానికి తయారైంది. కవర్లో కాగితం అలాగే ఉంది. కొత్తగా ఒక్క ముక్క కూడా రాసి లేదు. చిన్నకోడలు కాగితం వెనక్కి తిప్పింది. పన్నెండంకెలు. మాట కాదు, ముక్క కాదు, ఉత్త అంకెలు. అంటే ఆ ఇంట్లోనూ ఆ డబ్బా ఒక్కసారి నెట్‌లోకి వెళ్ళొచ్చింది. అక్క అక్కడ ఎవరికి తెలియకుండా తలుపు తెరిచిందో, ఎవరి ఎదురుగా తెరిచిందో దేవుడికెరుక. చిన్నకోడలు బస్సులో నిలబడే ఆ అంకెల్ని మూడుసార్లు చదువుకుంది.

ఆదివారం మూడుంపావుకి అత్తగారు టీవీ పెట్టుకున్నారు. ఆవిడకి కుస్తీ పోటీలంటే ప్రాణం. అవి వచ్చేది నెట్‌లోనే. నాలుగవుతుండగా చిన్నకోడలు హాల్లోకి వచ్చి, కుర్చీ లాక్కుని వైఫై డబ్బా కిందే కూర్చుంది. కావాలంటే పడగ్గదిలో తలుపేసుకుని ఆడుకోవచ్చు. ఆమెకి అది ఇష్టం లేదు.

ఈసారి ఆయన పడుకోలేదు. గుమ్మంలో నిలబడ్డాడు. "ఇక్కడే ఆడతావా? నా కళ్ళ ముందే?"

"దొంగతనం చేస్తే కదా దాచుకోవాలి."

ఆయన విసురుగా వచ్చి ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకున్నావంటే చూడు!" కేక పెట్టింది తల్లి, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే. "ఎర్రచెడ్డీవాడు ఇప్పుడిప్పుడే లేస్తున్నాడు. అది ఆగిందో, నీ సంగతి తేలుస్తా."

చెయ్యి ప్లగ్గు మీంచి జారింది. ఆయన సోఫా అంచున కూలబడ్డాడు.

తెర మీద అక్క పేరు కనబడుతోంది, కాని బూడిదరంగులో. అంటే ఇంకా రాలేదు. నాలుగయింది. నాలుగూ పది అయింది. ఎర్రచెడ్డీవాడు ఒకసారి పడి లేచాడు.

"రాదు," అన్నాడాయన. గొంతులో సంతోషం దాగలేదు. "మా వదిన సంగతి నాకు తెలుసు. ఒట్టు తప్పదు."

"ఒట్టు తప్పక్కర్లేదు. ఇందులో మాటలుండవు."

"నాలుగుంపావు."

"గడియారం నాకూ కనిపిస్తోంది."

అలా అందేగాని, మీటని ఊరికే నొక్కుతూ కూర్చుంది. అక్కడ డబ్బా పీకేశారేమో. ఆటడబ్బాని బీరువాలో పెట్టి తాళం వేశారేమో. ఇన్నాళ్ళకి మళ్ళీ ఆ మనిషి దగ్గరికి పోయే దారి ఒక్కటి దొరికిందనుకుంటే, అదీ మూసుకుపోతే? కళ్ళు చెమర్చాయి. ఆయన ముందు తుడుచుకోకూడదని అలాగే ఉంచేసింది. పేరు మసకబారింది. మసకలోనే అది ఆకుపచ్చగా మారినట్టనిపించింది.

రెప్ప కొట్టి చూసింది. ఆకుపచ్చే.

"వచ్చింది!" అంది. అరిచినంత పని చేసింది.

ఇటుకలు పడటం మొదలైంది. నిమిషంలోపే ఇటువైపు నాలుగు వరసల బూడిదరంగు రాళ్ళు దబదబా వచ్చి పడ్డాయి. మాటల్లేకుండా నాలుగు నెలలు ఉగ్గబట్టుకున్న మనిషి విసిరిన రాళ్ళలా ఉన్నాయవి. చిన్నకోడలు పకపకా నవ్వింది. నవ్వుతూనే రెండు వరసలు కట్టి అటు పంపింది.

అప్పుడే ఆయన ఫోన్ మోగింది. పేరు చూసి ఆయన మొహం రంగు మారింది. చేసింది అన్న. నాలుగు నెలల్లో మొదటిసారి.

"ఏరా, మీ ఇంట్లో ఏం జరుగుతోంది?" అన్న గొంతు హాలంతా వినబడింది. "నీ పెళ్ళాన్ని ఆపమను!"

"నీ పెళ్ళాన్ని ఆపు ముందు!"

"ఇది హాలు మధ్యలో కూర్చుందిరా! ప్లగ్గు తీస్తే అన్నం వండనంటోంది!"

"ఇక్కడ అమ్మ కుస్తీ చూస్తోంది, నేనేం తియ్యను?"

"అసలు దీనికి కారణం నువ్వే. నంబరు నాకిచ్చేసుంటే ఇంత దూరం వచ్చేదా?"

"నీకెందుకివ్వాలి? మొదట తీసుకుంది నేను!"

"ఇద్దరూ గొంతు తగ్గించండర్రా," అందావిడ టీవీ ముందునుంచి. "వాడు గెలుస్తున్నాడు."

"ఫోను బాల్కనీలోకి పట్టుకెళ్ళండి," అంది చిన్నకోడలు, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఇక్కడ ఆట నడుస్తోంది."

ఆయన నిజంగానే వెళ్ళాడు. బాల్కనీలోంచి నంబరూ, వ్యానూ, పద్దెనిమిదేళ్ళ నాటి ఏదో లిఫ్టు సంగతీ వినబడుతూనే ఉన్నాయి. రాజీ పడే గొంతులు కావవి. పడకపోతే పోనీ అనుకుంది ఆమె. ఇటుకలు గొంతుదాకా వచ్చాయి. నిలదొక్కుకోవాలని చూసింది గాని కుదరలేదు. మొదటి ఆట ఓడిపోయింది.

ఇంకో ఆట ఆడతారా అని తెర అడిగింది. అటువైపు నుంచి జవాబు అప్పటికే వచ్చేసింది. ఆమె కూడా మీట నొక్కింది.

బాల్కనీ తలుపు సందులోంచి ఆయన తల పెట్టాడు, చేత్తో ఫోను మూసిపట్టుకుని. "ఎప్పటిదాకా ఆడతారని అడుగుతున్నాడు."

"ప్రతి ఆదివారమూ ఆడతామని చెప్పండి," అంది చిన్నకోడలు. "తలుపు దగ్గరికెయ్యండి, వెలుగు తెర మీద పడుతోంది."