చివరి పది నిమిషాలు

పదకొండూ ఇరవై కాగానే మౌనంలోంచి లేచి వెళ్లి టీకి నీళ్లు పెట్టడం మార్జరీ వంతు. ఇంగ్లండులోని కంబ్రియా కొండల కింద, క్వేకర్లనే క్రైస్తవ శాఖ వారి ఆ సమావేశంలో పాస్టర్ లేడు, పాట లేదు, రొట్టె ద్రాక్షారసమూ లేవు. గంటసేపు వలయంగా కూర్చోవడం, ఎవరి అంతరంగం కదిలితే వారు లేచి నాలుగు మాటలు చెప్పడం, పదకొండున్నరకు ముగిసిందనడానికి గుర్తుగా ఇద్దరు పెద్దలు చేతులు కలపడం. చేతులు కలిసేసరికి నలభై కప్పులు సిద్ధంగా ఉండాలి. అందరూ సమానులే అయిన చోట పదకొండేళ్లుగా ఆ వంతు మాత్రం చేయి మారలేదు.

ఇవాళ ఈస్టర్. ప్రతి రోజూ పవిత్రమే కనుక వారు దీన్ని వేరుగా పాటించరు. మార్జరీ చెల్లెలు హిల్డాను గురువారమే పాతిపెట్టారు. "శక్తి శక్తిలో కలిసిపోయిందనుకో, మార్జరీ" అని పెద్దల్లో ఒకరైన రోసలిండ్ ఓదార్చింది. ఆ ఓదార్పు మార్జరీకి గొంతు దిగలేదు. మెథడిస్టు తండ్రి దగ్గర ఆమె నేర్చుకున్నది వేరు: సమాధి ఖాళీ, పోయినవాళ్లు లేస్తారు.

నిరుడు ఒక్కసారి ఈ వలయంలో లేచి యేసు పేరెత్తింది. రోసలిండ్ పక్కకు పిలిచి, "ఆ పేరుతో దెబ్బలు తిన్నవాళ్లున్నారు ఇక్కడ. 'వెలుగు' అనరాదూ?" అంది. అదీ అబద్ధం కాదు. ఆడదాన్ని ప్రేమించిందని డాఫ్నీని ఆమె చర్చి వెలివేసింది. ఆ డాఫ్నీ ఎదుటి కుర్చీలోనే ఉంది.

పొద్దున కారులో భర్త కెన్నెత్ అన్నాడు: "నీ నమ్మకం నీది. అక్కడ మాత్రం ఆ పేరు తియ్యకు. నన్నూ అదోలా చూస్తారు."

"దేవుడు లేడని నువ్వు రెండుసార్లు లేచి చెప్పావుగా?"

"అది వేరు."

ఏ విశ్వాసమూ తప్పనిసరి కాని చోట ఏ మాట నిషిద్ధమో అందరికీ ఎలా తెలుస్తుందో ఆమెకు అంతుబట్టదు. వెళ్లిపోదామంటే, ఈ మౌనంలో వచ్చినంత దగ్గరగా ప్రభువు ఆమెకు మరే చర్చిలోనూ రాలేదు.

లేచి చెప్పమని ఇప్పుడు లోపల తొందరపెడుతున్నది దేవుడి పిలుపా, దుఃఖమా, వట్టి మొండితనమా? ఈ నలభైమందీ ముఖం తిప్పుకుంటే ఆదివారాలు ఎక్కడికి వెళ్లాలి?

పదకొండూ ఇరవై. లేచింది. ఎవరూ కళ్లు తెరవలేదు. కెన్నెత్ దారి ఇస్తూ మోకాళ్లు పక్కకు జరుపుకున్నాడు.

ఆమె కదలలేదు.

"నా చెల్లెల్ని మళ్లీ చూస్తాను" అంది. "యేసు లేచాడు గనుక చూస్తాను. ఆయన నాకు మీ మౌనంలోనే దొరికాడు. డాఫ్నీ, నిన్ను గెంటింది ఆయన కాదు."

కూర్చుంది. ఎక్కడో కుర్చీ కిర్రుమంది. డాఫ్నీ తల వంచుకునే ఉంది. ఆ ముఖంలో ఏముందో కనిపించలేదు. కిటికీ మీద వాన.

కాసేపటికి కెన్నెత్ వంగి గుసగుసగా అడిగాడు: "మరి టీ?"

"కెటిల్ స్విచ్ తలుపు పక్కనే."

చివరి పది నిమిషాలు ఎలా ఉంటాయో చూద్దామని మార్జరీ కళ్లు మూసుకుంది.