సింకు కింద గిన్నె

వెల్లకిలా పడుకుని, తల సింకు కిందికి దూర్చి, ప్లంబరు తుప్పు పట్టిన పైపు ముక్కను రంపంతో కోస్తున్నాడు. ముఖం మీద తుప్పు రాలుతోంది. కడుపులో నొప్పి లేచినప్పుడల్లా రంపం ఆపి, పళ్లు బిగబట్టి, అది తగ్గాక మళ్లీ కోస్తున్నాడు. అరగంట పని గంటన్నర పట్టింది.

ఇంటావిడ రిటైరైన లెక్కల టీచరు. పక్కనే కుర్చీ వేసుక్కూర్చుని టార్చిలైటు పట్టుకుంది. లిఫ్టు లేని ఇల్లు. మూడంతస్తులు ఎక్కి వచ్చేసరికే అతని పని అయిపోయిందని ఆవిడ గమనించింది గాని, అడగలేదు.

"పైన ఏదైనా పూత పూస్తే సరిపోదా?" అని మాత్రం పొద్దున అడిగింది. అందరూ అడిగేదే. ఎప్పటిలాగే మూడు దారులూ చెప్పాడు. పూత పూస్తే ఆర్నెల్లు, ముక్క మారిస్తే ఐదేళ్లు, మొత్తం మారిస్తే ఆవిడ మునిమనవళ్ల దాకా.

"నీ ఇల్లయితే ఏం చేస్తావు?"

"ముక్క మారుస్తానమ్మా."

"గ్యారంటీ?"

"మనిషికే లేదు, పైపుకెక్కడిదమ్మా?"

ముప్పై ఏళ్లుగా ఆ మాటకు జనం నవ్వుతున్నారు. టీచరమ్మా నవ్వింది. అతనికే ఇవాళ నవ్వు రాలేదు.

మూడింటికి ఆసుపత్రిలో జవాబు చెప్పాలి. పెద్దపేగులో గడ్డ. రక్తం పడుతుంటే ఏడాదిపాటు మొలలని సరిపెట్టుకున్నాడు. ఎవరింటి గోడకు చెమ్మ కనబడినా 'ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా' అని కసురుకునే మనిషి.

కొత్త ముక్క బిగించి, నీళ్లు వదిలి, అతుకు కింద పొడి స్టీలు గిన్నె పెట్టాడు. అది అతని పద్ధతి. మర్నాడు వచ్చి గిన్నెలో వేలు రాసి చూసుకుంటేగాని పని అయినట్టు కాదు.

"నేనొచ్చి తీసేదాకా గిన్నె తియ్యొద్దమ్మా."

ఆసుపత్రి గుమ్మంలో భార్య రిపోర్టుల కవరుతో నిలబడి ఉంది. డాక్టరు చిన్నవాడే అయినా ఓపిక గలవాడు, మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. గడ్డ పేగును మూసేస్తోంది. కాలేయంలోనూ మచ్చలున్నాయి. ఆపరేషన్ చేసి గడ్డ తీసేసి, మలం పోయేందుకు పొట్ట మీద చిన్న దారి చేసి సంచీ తగిలించి, కోలుకున్నాక కీమో ఇవ్వచ్చు. లేదా అడ్డుపడిన చోట సన్నటి తీగల గొట్టం పెట్టి తెరిచి, కీమోతోనే చూడవచ్చు. ఇవేవీ వద్దంటే నొప్పి తెలియకుండా మందులిస్తూ ఇంటిపట్టునే ఉండవచ్చు.

"మీ ఇల్లయితే..." అని నాలిక కరుచుకున్నాడు ప్లంబరు. "మీ నాన్నగారికైతే ఏం చేస్తారు సార్?"

డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. "ఆపరేషన్ చేయిస్తాను. తర్వాత కీమో. పూర్తిగా నయమవుతుందని మాత్రం చెప్పలేను. కడుపునిండా తినగలిగే రోజులు కొన్ని దొరుకుతాయి."

గ్యారంటీ సంగతి అడగబోయి మానుకున్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాక అసలు భయం బయటపడింది. చావు గురించి కాదు, సంచీ గురించి.

"నలుగురిళ్లకీ వెళ్లేవాణ్ని. పొట్టకి అది కట్టుకుని ఎవరి గడప తొక్కను? వాసనొస్తే?"

భార్య కవరు పక్కన పెట్టింది. "ముప్పై ఏళ్లు ఊరందరి మురుగూ ఈ చేతుల్తోనే తీశావు. ఒక్కనాడైనా ముక్కు మూసుకున్నావా? నీ దాకా వచ్చేసరికి సిగ్గేంటయ్యా? అదేదో నేను మారుస్తాలే."

అతను చేతులు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో తుప్పు ఇంకా ఉంది. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. లోపలికి వెళ్లి ఆపరేషన్‌కే ఒప్పుకున్నాడు.

"రేపు పొద్దున్నే చేరిపోండి" అన్నాడు డాక్టరు.

"రేపా? టీచరమ్మింట్లో గిన్నె..."

భార్య కళ్లెర్రజేసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. సంచీ మొదట్లో ఆమే మార్చేది. తర్వాత తనే నేర్చుకుని, బిగింపు సరిగా లేదని నర్సుకే పాఠం చెప్పాడు. పదకొండు నెలలు బతికాడు. అందులో నాలుగు నెలలు కడుపునిండా తిన్నాడు. మూడంతస్తులు ఎక్కే ఓపిక మాత్రం మళ్లీ రాలేదు. గిన్నె గుర్తొచ్చినప్పుడల్లా 'పైవారం వెళతా' అనేవాడు. ఒక మధ్యాహ్నం భార్య బట్టలు మడత పెడుతూ ఏవో కబుర్లు చెబుతుంటే, వింటూ వింటూ ఊ కొట్టడం మానేశాడు.

నెల పోయాక ఆమె టీచరమ్మింటి మెట్లెక్కింది.

"ఆ గిన్నె ఎప్పుడో తీసేసి ఉంటారు కదండీ?"

"తనొచ్చి తీస్తానన్నాడు కదమ్మా" అంది టీచరమ్మ, టార్చిలైటు కోసం వెతుక్కుంటూ.

అతని భార్య నేల మీద కూర్చుని, సింకు కిందికి చెయ్యి చాపి, గిన్నెలో వేలు రాసింది. వేలికి దుమ్ము అంటింది. తడి లేదు.

టార్చి వెలుగులో గిన్నె ఉన్నచోటే ఉంది, అడుగున దుమ్ములో ఒక్క వేలి గీతతో.