చవక పిస్తోలుకు కొత్త పిడి

మా బేస్‌మెంట్ నిండా సగంలో వదిలేసిన సామానేనని నా భార్య నదీన్ ఊరంతా చాటింపు వేస్తుంది. అబద్ధమేమీ కాదు. డొప్ప లేని రేడియో ఉంది, కన్నం పెట్టని పిట్టగూడు ఉంది, పడవ మోటారు ఉంది, పడవ మాత్రం లేదు. అయినా మగాడన్నాక ఒక పని బల్ల, దాని చుట్టూ కాస్త చెత్త ఉండాలా వద్దా? ఆ జాగాలో కుట్టు మిషను పెట్టుకోవాలని నదీన్‌కు ఎప్పట్నుంచో ఆశ.

తుపాకుల సంత పెట్టిన శనివారం తనూ కారెక్కింది. దారిలోనే తేల్చి చెప్పేసింది.

"డెల్బర్ట్, ఒక్కటే కొంటావు. అదీ చవగ్గా. థాంక్స్‌గివింగ్ పండగ ముందు శనివారం తుపాకుల క్లబ్బులో అందరి ముందూ ఆ పిస్తోలు గురి కాగితం నల్ల చుక్కలో కొట్టాలి. కొట్టిందా, బేస్‌మెంట్ జోలికి రాను. లేదా, నీ బల్ల పెరట్లోకి, నా మిషను కిందికి."

"ఇదేం అన్యాయమే!"

"కావాలంటే రేడియోని అడుగు. అయ్యో, దానికి ఇంకా నోరు పెట్టలేదు కదూ."

సంతలో వర్జిల్ ముసలాయన బల్ల దగ్గర ఆగాను. యూరప్‌లో పోలీసులూ సైన్యాలూ వాడి వదిలేసిన పాత పిస్తోళ్లు అమ్ముతాడు. మొదట చేతికి దొరికింది నల్లగా నిగనిగలాడుతోంది. ఏ భాగం చూసినా ఒకటే నంబరు.

"దీనికి కొత్త పిడి వేసి, ఇక్కడ కాస్త ఆకురాయితో రాసి..." అన్నానో లేదో, వర్జిల్ దాన్ని లాగేసుకుని గుండెకు హత్తుకున్నాడు.

"సిగ్గులేదురా నీకు? ఫ్యాక్టరీలో పుట్టినప్పటి నంబర్లన్నీ కలిసి ఉన్నదాని మీద ఆకురాయి పెడతావా? పో అవతలికి!"

మా వైపు అదే కట్టడి. చెక్కుచెదరనిదాన్ని చెడగొట్టకూడదు, ముందే చెడిందాన్ని ఏం చేసుకున్నా ఎవడూ ఏడవడు. రెండోదాని గొట్టంలోకి టార్చి వేసి చూస్తే లోపలంతా తుప్పు. మూడోది చూడ్డానికి దరిద్రంగా ఉంది. రంగు పోయింది, పిడి పగిలింది, ఒక భాగం నంబరుకూ ఇంకో భాగం నంబరుకూ చుట్టరికం లేదు. కానీ గొట్టం లోపల అద్దంలా మెరుస్తోంది. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇంట్లో కూర్చుని బాగుచేసుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

"ఇదే కావాలి," అన్నాను.

నదీన్ దాన్ని తిప్పి తిప్పి చూసింది. "నేనూ నిన్ను ఇలాగే ఏరుకున్నా. పైన రంగు లేదు, ఏ నంబరూ కలవదు, లోపల బాగుందని ఎవరో చెప్పారు. ఇప్పటికీ మరమ్మతు చేస్తూనే ఉన్నా."

వర్జిల్ పగలబడి నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

ఇంటికొచ్చాక పని మొదలెట్టాను. ఆ పిస్తోలుకు పట్టిన పాత జిడ్డు వదలడానికి చిక్కుళ్లు ఉడికించే గిన్నెలో వేడినీళ్లు కాచి ముంచాను. దాని మీద జరిగిన రభస ఇక్కడ చెప్పను. గిన్నె మాత్రం ఇప్పుడు నాదే.

పిడి చేయడానికి ఒక పద్ధతుంది. పగిలిన పిడి తీసేసి, అక్కడ మెత్తటి పుట్టీ పెట్టి, కాల్చేటప్పుడు పట్టుకున్నట్టే గట్టిగా పట్టుకోవాలి. వేళ్ల గుర్తులు పడతాయి. ఆరి రాయయ్యాక, కొలతలు తీసుకుని అచ్చం అలాగే చెక్క చెక్కాలి. నేనూ అలాగే పట్టుకుని గుర్తులు వేశాక, బేస్‌మెంట్ చలికి పుట్టీ ఆరదని వంటగది బల్ల మీద పెట్టి ఫుట్‌బాల్ చూడ్డానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అది ఫ్రిజ్ మీద ఉంది, బల్ల మీద నదీన్ పండగ రొట్టెకు పిండి వత్తుతోంది. ఆరింది కదా, అంతే చాలనుకున్నాను.

వాల్‌నట్ చెక్క తెచ్చి కొలతకు కొలత చెక్కాను. వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. నూనె పెట్టి రుద్దితే చూసుకోవడానికి ముచ్చటేసింది. నా జీవితంలో మొదటిసారి ఒక పని పూర్తయింది! పట్టుకుంటే మాత్రం కాస్త బిగుతుగా ఉంది. నదీన్ పంది మాంసం హ్యామ్‌లో ఉప్పెక్కువేస్తుంది, చేతులు ఉబ్బాయనుకున్నాను.

శనివారం క్లబ్బంతా చేరింది. వర్జిల్ కూడా ముందు వరసలో మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను కాల్చాను. ఒకటి కాగితం మూలకు తగిలింది, ఒకటి కర్రకు, మిగతావి ఎటుపోయాయో వాటికే తెలియాలి. పిడి మీద నా చిటికెన వేలికి చోటే లేదు. నా బల్ల పెరట్లో వానకు తడుస్తున్నట్టు కళ్లముందు కనిపించి ఏడుపొచ్చినంత పనైంది.

"ఇదంతా నీ హ్యామ్ వల్లే!" అని అరిచాను.

"ఇలా ఇవ్వు," అని నదీన్ అందుకుంది. పట్టుకోగానే తన ముఖం మారిపోయింది. "డెల్బర్ట్, ఇది చేతిలోనే పుట్టినట్టుందే!"

కాల్చింది. నల్ల చుక్క. మళ్లీ నల్ల చుక్క. చివరికి ఆ చుక్క జల్లెడైంది.

వర్జిల్ లేచొచ్చి పిడి చూశాడు, నదీన్ వేళ్లు చూశాడు. "అమ్మాయ్, పుట్టీ పచ్చిగా ఉన్నప్పుడు నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"రొట్టె వత్తుకోవాలని తీసి ఫ్రిజ్ మీద పెట్టా. మెత్తగా ఉంటే గట్టిగా పట్టుకున్నా. పడిపోతుందేమోనని."

క్లబ్బు క్లబ్బంతా నవ్వి నవ్వి కుర్చీల్లోంచి జారిపోయింది. నేను మాత్రం వదల్లేదు. "ఏమన్నావ్ ఆ రోజు? పిస్తోలు కొట్టాలన్నావు. నేనే కొట్టాలని అనలేదు. కొట్టింది కదా?"

"నిజమే, బంగారం. బల్ల ఎక్కడికీ పోదు," అంది నదీన్, పిడిని నిమురుతూ. "దాని ముందు కూర్చునేది నేను."

అన్నట్టే కూర్చుంది. రేడియోకు డొప్ప వచ్చింది, పిట్టగూటికి కన్నం వచ్చింది. పిట్ట కూడా వచ్చింది. తర్వాతి సంతలో పిస్తోలు తనే ఏరింది, సంచి నేను మోశాను.

కుట్టు మిషను కూడా కిందికి దిగింది, ఒక మూలన. ఆ పిస్తోలుకు గుడ్డ సంచి కుడదామని సరదాగా కూర్చున్నాను. పెడలు తొక్కుతుంటే ఎంత హాయిగా ఉందో! మడత పెట్టడం, దారం ఎక్కించడం, ఎవరికీ చెప్పలేదు గానీ నాకు తెగ నచ్చేసింది.

నిన్న నదీన్ బల్ల దగ్గర్నుంచి తల తిప్పి చూసింది.

"ఆ సంచి ఇంకా సగంలోనే ఉందేం? క్రిస్మస్‌కల్లా పూర్తి కాలేదంటే ఆ మిషను పెరట్లోకి."

నాకు నిజంగానే భయమేసింది. ఇంకా జిప్పు వేయాలి.