ఎర్ర నీళ్ళు తాగే పూసలు

మా ఆయన హ్వాయ్‌రెన్‌కి కిడ్నీలు పోయాక దురద పట్టుకుంది. వీపు రక్కుకుని దుప్పట్లన్నీ నెత్తుటి మరకలు చేసేవాడు. ఈమధ్య ఆస్పత్రివాళ్ళు డయాలసిస్ మెషిన్‌కి పూసల డబ్బా ఒకటి తగిలిస్తున్నారు. రక్తం దాని గుండా పోతే విషాలను పూసలు పీల్చుకుంటాయి. దురద తగ్గి హాయిగా నిద్రపోతున్నాడు. కానీ డబ్బా తగిలించిన ప్రతిరోజూ సాయంత్రానికి మూర్ఛ వస్తోంది. ఏళ్ళ తరబడి మాత్రతో అణిగి ఉన్న మూర్ఛ! రక్తం శుభ్రపడిన రోజే ఇదేమిటో నాకు అంతుపట్టలేదు.

"మాత్ర మానకుండా వేస్తున్నారా అక్కా?" అని డయాలసిస్ గదిలో నర్సు, డింగ్ సిస్టర్ అడిగింది.

"ఎందుకు మానతానమ్మా! నా చేత్తో నేనే వేస్తా."

నిజమే. మెషిన్ మీద ఉండగా ఫిట్స్ రాకూడదని, ఆస్పత్రి ముందు బండి దగ్గర పెసరపిండి అట్టు తినిపించి, మాత్ర మింగించి మరీ లోపలికి పంపేదాన్ని.

కిందటి వారం మూర్ఛలో నాలుక కొరుక్కున్నాడు.

"ఇక ఆ డబ్బా వద్దే. గోక్కునే చస్తా."

"మళ్ళీ ఆ దురద పడగలవా?"

"మీ ఫ్యాక్టరీ సరుకు కదా, అందుకే వెనకేసుకొస్తున్నావు!"

ఒళ్ళు మండింది. అవి మా త్యెన్‌జిన్ ఫ్యాక్టరీ పూసలే, పరీక్షించేదాన్నీ నేనే.

మర్నాడు పనిలో రోజూలాగే పూసల మీద ఎర్ర నీళ్ళు పోశాను. కింద తేటగా దిగాయి. సరుకు మంచిదని ముద్ర వెయ్యబోతూ ఆగిపోయాను. ఆ ఎరుపు విషం కాదు, విటమిన్. ఒంటికి మంచి చేసేదే. మరి దాన్నెందుకు తాగేశాయి? వాటికి మంచీ చెడ్డా ఏం తెలుసు? మరి ఆయన మింగిన మాత్ర? వెంటనే డింగ్ సిస్టర్‌కి ఫోన్ చేసి, మాత్ర ఎప్పుడు వేస్తున్నానో చెప్పాను.

"అయ్యో, మెషిన్ ఎక్కేముందు వేస్తున్నారా!" అంది సిస్టర్. "వేస్తున్నారా అనే అడిగాను గానీ, ఎప్పుడని అడగలేదే!"

డాక్టరుగారు మాత్ర వేళ మార్చారు. నిన్న డబ్బా తీసేదాకా మాత్ర నా గుప్పిట్లో చెమ్మగిల్లింది.

"ఇవాళైనా నాకేనా, పూసలకా?" అన్నాడు హ్వాయ్‌రెన్, నోరు తెరుస్తూ.

సాయంత్రం మూర్ఛ రాలేదు. గోక్కోనూ లేదు. కుర్చీలోనే కునుకు తీశాడు. నేను మాత్రం పక్కనుంచి కదల్లేదు.

ఇవాళ మళ్ళీ ఎర్ర నీళ్ళు పోశాను. తేటగా దిగితే ఇన్నాళ్ళూ మురిసిపోయేదాన్ని. ఇప్పుడు మురవాలో, భయపడాలో తెలియక ముద్ర చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను.